మీకు తెలుసా? కాగితం మీద సాగిన కంప్యూటర్ సమావేశం

దూరాన ఉన్నవారిని కంప్యూటర్ ద్వారా ఒకే చర్చలో కూర్చే పద్ధతి 1971 నాటికే అమెరికా ప్రభుత్వంలో వాడుకలోకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ ధరలను, వేతనాలను 90 రోజులపాటు స్తంభింపజేసినప్పుడు, ఆ ఉత్తర్వు అమలును పర్యవేక్షించేందుకు ముర్రే టురాఫ్ ‘ఎమిసారి’ అనే వ్యవస్థను రూపొందించగా, వేర్వేరు నగరాల్లోని ప్రాంతీయ అధికారులు, కంప్యూటర్ పంపిన అక్షరాలను కాగితంపై అచ్చువేసే టెలిటైప్ యంత్రాల ముందు కూర్చుని, ఎవరికి వీలైన వేళ వారు చర్చలో పాల్గొన్నారు. టురాఫ్, సామాజిక శాస్త్రవేత్త స్టార్ రాక్సాన్ హిల్ట్జ్ కలిసి 1978లో వెలువరించిన ‘ది నెట్‌వర్క్ నేషన్’ ఈ తరహా చర్చలను విస్తారంగా పరిశీలించిన గ్రంథం. ముఖకవళికలు కనిపించని చోట మౌనం అంగీకారమో అభ్యంతరమో తేలదు కనుక, చర్చనీయాంశాలను ముందే పంపి, మాట్లాడనివారిని పేరుపెట్టి అడిగి, తేలిన నిర్ణయాలను అప్పటికప్పుడే రాసిపెట్టే నిర్వాహకుడే ఇటువంటి సమావేశానికి యంత్రం కన్నా ముఖ్యం.