అభియోగము – తెలిసిన భాష

నేరారోపణకు గురియైన వానికి ప్రథమ రక్షణము, ఆ ఆరోపణ యెట్టిదో తెలిసికొనుటయే. అభియోగము న్యాయస్థానపు భాషలో వ్రాయబడును. ఇరుగుపొరుగువారితో కన్నడమో మరాఠీయో చక్కగా మాటాడు తెలుగువానికిని దాని చట్టపు పలుకుబడి బోధపడకపోవచ్చును. అందుచేతనే న్యాయాధిపతి దానిని చదివి వివరించిన పిమ్మటనే, నేరమొప్పుకొందువా యని ప్రశ్నింపవలెను. నిందితునికి తెలియని భాషలోని సాక్ష్యమును తెలిసిన భాషలో కోర్టునందే వినిపింపవలెనని, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 314వ సెక్షను విధించుచున్నది. విచారణలేని నిర్బంధమునకు సైతము కారణములను నిర్బంధితునికి తెలిసిన భాషలో నీయవలెనని 1962లో హరికిషన్ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున బోధపడని ప్రశ్నకు తలయూపరాదు; ఆ తలయూపే నేరమొప్పుకోలుగా నమోదు కావచ్చును. అర్థము కాలేదని చెప్పి, అనువాదకుని, న్యాయవాదిని కోరవలెను. స్తోమత లేనివాడు ఉచిత న్యాయసహాయమును అడుగవచ్చును.