నకలు తీయకుండానే నకలు

లక్సెట్టిపేట నుంచి ఒక పాఠకుడు వడ్ల కొనుగోలు కేంద్రానికి టోకెన్లిచ్చే వెబ్ అప్లికేషన్ రాస్తున్నారట. లెక్కలన్నీ మెమరీలో ఉంచి, నిమిషానికోసారి డిస్కుకు ఎక్కిస్తున్నారు. "ఎక్కిస్తుండంగనే నడిమిట్ల ఇంకో రైతు టోకెన్ తీస్కుంటే, డిస్కులకు పోయేది పాత లెక్కనా, కొత్త లెక్కనా?" అని అడిగారు. ఇంత మంచి ప్రశ్నను వదలబుద్ధి కాలేదు.

మెమరీ వాడేది వేగం కోసం. ర్యామ్‌లో ఒక అంకె అందడానికి దాదాపు 100 నానోసెకన్లు, తిరిగే హార్డ్‌డిస్కులో దాదాపు 10 మిల్లీసెకన్లు. లక్ష రెట్ల తేడా.

అసలు అందం డిస్కుకు ఎక్కించడంలో ఉంది. ఇటలీ ప్రోగ్రామర్ సాల్వటోరె సాన్‌ఫిలిప్పో 2009లో విడుదల చేసిన, డేటాను మెమరీలోనే ఉంచే రెడిస్ అనే డేటాబేస్, ఇందుకు యునిక్స్ కాలం నాటి 'ఫోర్క్'ను వాడుకుంటుంది. ఫోర్క్ అనగానే నడుస్తున్న ప్రోగ్రాం తల్లీపిల్లలుగా రెండవుతుంది. తల్లి టోకెన్లిస్తూనే ఉంటుంది, పిల్ల డిస్కుకు రాస్తూ పోతుంది. 8 జీబీ డేటా ఉంటే మరో 8 జీబీ కావాలా? అక్కర్లేదు. మొదట ఇద్దరూ చూసేది అవే పేజీలు, అంటే మెమరీ ముక్కలు, ఒక్కోటీ 4 కేబీ. వాటిమీద ఎవరూ రాయకూడదని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నల్ గుర్తు పెడుతుంది. తల్లి టోకెన్ల లెక్కను 41 నుంచి 42కు మార్చబోయిందనుకోండి. ప్రాసెసర్ అడ్డుపడుతుంది. కెర్నల్ ఆ ఒక్క పేజీకే నకలు తీసి తల్లికిస్తుంది, 42 అందులో పడుతుంది. పిల్ల దగ్గర 41 చెక్కుచెదరదు. డిస్కుకు చేరేది ఫోర్క్ జరిగిన క్షణం నాటి లెక్కే, అంటే పాతదే. ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టికను, మారబోయే పేజీలను నకలు చేసేంతసేపు తప్ప పని ఎక్కడా ఆగదు. ఎంత తెలివైన ఏర్పాటు!

దీన్ని చెడగొట్టింది మంచి చేయబోయినవాళ్లే. 2011లో వచ్చిన లినక్స్ కెర్నల్ 2.6.38, వేగం పెరుగుతుందని 2 ఎంబీ పెద్ద పేజీలను తనంతట తానే ఇచ్చే సదుపాయం తెచ్చింది. దాంతో ఒక్క అంకె మారినా 512 రెట్లు పెద్ద నకలు తీయాల్సొచ్చింది. మెమరీ ఉబ్బింది, జవాబులు ఆలస్యమయ్యాయి. ఆ సదుపాయాన్ని ఆపేయమని రెడిస్ వాళ్లు ఇప్పటికీ చెబుతున్నారు.

ఇక ఆ పాఠకుడికి ఒక మాట. సర్వర్‌కు కరెంటు పోతే, చివరిసారి ఎక్కించాక ఇచ్చిన టోకెన్లన్నీ పోతాయి. మార్పులను చిట్టాగా రాసి సెకనుకోసారి డిస్కుకు పంపినా, సెకను లెక్క పోవచ్చు. టోకెనంటే రైతు వంతు. ఒక కేంద్రం ఇచ్చే టోకెన్లకు మామూలు డేటాబేస్ చాలు. నేరుగా అందులోనే రాయండి, రాసినట్టు జవాబు వచ్చాకే రైతు ఫోనుకు పంపండి. వెబ్‌పేజీని ఎందరు చూశారన్నలాంటి లెక్కలుంటే, వాటిని మెమరీలో పెట్టుకోండి.