అల్యూమినియం ఫ్లోరైడ్: తయారీకి రెండు దారులు

అల్యూమినియం ధరలపై బజారులో రోజూ చర్చ జరుగుతుంది. అల్యూమినియం ఫ్లోరైడ్ పేరు మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఈ తెల్లటి పొడి లేనిదే అల్యూమినియం కర్మాగారం నడవదు. టన్ను లోహం తీయడానికి అల్యూమినా సుమారు రెండు టన్నులు కావాలి. ఈ పొడి 15 నుంచి 20 కిలోలు పడుతుంది. ఏటా 4.60 లక్షల టన్నుల సామర్థ్యం గల నాల్కో వారి అంగుల్ కర్మాగారానికే, 20 కిలోల లెక్కన, 9,200 టన్నులు అవుతుంది.

ఎందుకు కావాలి?

అల్యూమినా విడిగా కరగాలంటే 2,000 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి కావాలి. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ వేర్వేరుగా కనుగొన్న పద్ధతిలో, కరిగిన క్రయొలైట్‌లో అల్యూమినా కలిపి విద్యుత్తు ప్రవహింపజేస్తారు. దానికి అల్యూమినియం ఫ్లోరైడ్ చేర్చితే సుమారు 960 డిగ్రీల వద్దే పని జరుగుతుంది. అయితే అల్యూమినాతో వచ్చే సోడా దీన్ని కొంత హరిస్తుంది, మరికొంత ఆవిరవుతుంది. ఆ లోటు నిత్యం పూడ్చాలి. ధర పెరిగిందని కొనుగోలు ఆపడానికి వీల్లేదు.

పొడి పద్ధతి

97 శాతం శుద్ధిగల ఫ్లోర్‌స్పార్ ఖనిజాన్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడిచేస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు వస్తుంది, జిప్సం మిగులుతుంది. ఆ వాయువును వేడి అల్యూమినా హైడ్రేట్ గుండా పంపితే సరుకు సిద్ధం. ఈ వాయువు చాలా ప్రమాదకరం; దీని ఆమ్లం చర్మంపై పడితే ఎముకదాకా హాని చేస్తుంది. టన్ను సరుకుకు సుమారు టన్నున్నర ఫ్లోర్‌స్పార్ పడుతుంది. గుజరాత్‌లో అంబాడుంగర్ వద్ద నిక్షేపాలున్నా, మన అవసరంలో ఎక్కువ భాగం దిగుమతే. ఈ ఖనిజ ఉత్పత్తిలో చైనాది అగ్రస్థానం గనుక అక్కడి సరఫరా తగ్గితే ఇక్కడ ధర కదులుతుంది.

తడి పద్ధతి

ఫాస్ఫేటు రాతిలో 3 నుంచి 4 శాతం ఫ్లోరిన్ ఉంటుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం తయారీలో వెలువడే ఫ్లోరిన్ వాయువులను గాలిలోకి వదిలితే పైరుకూ పశువులకూ చేటు. నీటిలో పట్టుకుంటే ఫ్లోసిలిసిక్ ఆమ్లం అవుతుంది. దాన్ని అల్యూమినా హైడ్రేట్‌తో కలిపి వేడిచేసి, సిలికాను వడగట్టి, స్ఫటికాలను కాలిస్తే అల్యూమినియం ఫ్లోరైడ్ వస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం తయారుచేసే పారదీప్, విశాఖ వంటి రేవు పట్టణాలకు ఈ దారి అందుబాటులో ఉన్నట్లే. దీనికి ఫ్లోర్‌స్పార్ అక్కరలేదు.

కొనేవారు చూసేవి

పొడి పద్ధతి సరుకు లీటరు సుమారు కిలోన్నర తూగుతుంది. తడి పద్ధతిది ఇంచుమించు సగమే. తేలిక సరుకు తొట్టెల్లో పోసేటప్పుడు దుమ్ముగా లేచిపోతుంది. భాస్వరం ఎక్కువైతే విద్యుత్తు వృథా అవుతుంది. అందుచేత ధరతోపాటు బరువు, తేమ, భాస్వరం, సిలికా చూసి బేరమాడతారు. పింగాణీ మెరుగులకూ, వెల్డింగు ఫ్లక్సులకూ కొంత అమ్ముడుపోయినా, అసలు గిరాకీ అల్యూమినియం కర్మాగారాలదే.

ఎరువుల కర్మాగారంలో పట్టుకున్న వాయువు సరుకుగా మారితే, చుట్టుపక్కల రైతుకు బెడదా, దేశానికి దిగుమతి ఖర్చూ రెండూ తగ్గుతాయి.