పదేళ్ళ కారు: చోవా చూ కాంగ్‌లో మారిపోయే మోటారు లెక్కలు

టెలివిజన్‌లో కార్ల కార్యక్రమాలకు సుమారు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. బ్రిటన్‌లో 1977లో బి.బి.సి. మిడ్‌లాండ్స్ ప్రాంతీయ ప్రసారంగా మొదలైన ‘టాప్ గేర్’ తొలినాళ్ళలో వినియోగదారులకు ఉపయోగపడే దృశ్యపత్రిక. కొత్త కార్ల పరీక్ష, రహదారి భద్రత, ధరవరలు అందులో ప్రధానాంశాలు. 2002లో అది కొత్తరూపు దాల్చాక సమాచారం వెనక్కు తగ్గి వినోదం ముందుకు వచ్చింది. డన్స్‌ఫోల్డ్ విమానాశ్రయంలోని పరీక్షాపథం, ముఖం కనిపించనివ్వని డ్రైవరు ‘స్టిగ్’, వ్యాఖ్యాతల వాదులాటలు దేశదేశాల ప్రేక్షకులకు పరిచితమయ్యాయి. అమెరికాలో 1981లో మొదలైన ‘మోటర్‌వీక్’ మాత్రం పాత పద్ధతినే నిలుపుకుంది. రూపాలు వేరైనా ఈ కార్యక్రమాలలో పరీక్షకు నిలబడేది యంత్రమే. ఇంజను శక్తి ఎంత, సున్నా నుండి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, ఇంధనం ఎంత తాగుతుంది అన్న ప్రశ్నలు ముందు వస్తాయి. ధర ప్రస్తావన చివరిది.

ఈ వరుస వెనుక పైకి చెప్పని ఊహ ఒకటుంది. కారు నచ్చి, చేతిలో దాని ఖరీదు ఉంటే కొనుక్కోవచ్చుననేదే అది. లండన్‌లోనూ హైదరాబాదులోనూ ఆ ఊహ చాలావరకు చెల్లుతుంది. సింగపూర్‌లో చెల్లదు. ఆ దేశపు పడమటి భాగంలో ఉన్న చోవా చూ కాంగ్ పట్టణ చరిత్రను గమనిస్తే దీనికి కారణం తెలుస్తుంది.

ఒకే ఏడాది, రెండు మార్పులు

చోవా చూ కాంగ్ అనే పేరులో పందొమ్మిదో శతాబ్దపు జ్ఞాపకం ఉంది. మిరియం, గాంబియర్ తోటలు పెంచిన చైనీయ వలసదారులు వాగుల ఒడ్డున స్థావరాలు ఏర్పరచుకునేవారు. స్థావరపు పెద్దను ‘కాంగ్ చూ’ అని పిలిచేవారు. తోటల కాలం పోయి, ఇప్పుడు అక్కడ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన బహుళ అంతస్తుల భవనాలు బారులు తీరి ఉన్నాయి. ఈ పట్టణానికి మెట్రో రైలు 1990 మార్చి 10న వచ్చింది. 1996లో ఆ మార్గం ఉత్తరాన వుడ్‌లాండ్స్ వరకు సాగింది. 1999లో చోవా చూ కాంగ్ నుండి బుకిత్ పాంజాంగ్ వైపు దేశపు తొలి లైట్ రైలు మొదలైంది.

రైలు వచ్చిన రెండు నెలల లోపే, 1990 మే 1న, సింగపూర్ ప్రభుత్వం వాహనాల సంఖ్యకు పరిమితి విధించే విధానాన్ని అమలులోకి తెచ్చింది. దేశపు భూభాగంలో సుమారు 12 శాతం రోడ్ల కిందకే పోతుంది. అంతకుముందు 1975లోనే నగరకేంద్రంలోకి వచ్చే కార్లపై రుసుము విధించి, రద్దీ సుంకంలో ప్రపంచానికి దారి చూపిన దేశమది. కొత్త విధానం ఒక అడుగు ముందుకు వేసింది. కారు తిరగడానికే కాదు, ఉండడానికి కూడా అనుమతి కావాలన్నది. ఆ అనుమతి పేరు సర్టిఫికెట్ ఆఫ్ ఎన్‌టైటిల్‌మెంట్, వాడుకలో సి.ఓ.ఇ. దాని ఆయుష్షు 10 సంవత్సరాలు.

వేలం ఎలా నడుస్తుంది

సి.ఓ.ఇ.లను నెలకు రెండుసార్లు ఆన్‌లైన్ వేలంలో అమ్ముతారు. గెలిచినవారు తాము పాడిన మొత్తాన్నే కట్టనవసరం లేదు. ఓడిపోయిన పాటలలో అతి పెద్దదానికి ఒక డాలరు కలిపితే వచ్చే మొత్తాన్ని అందరూ సమానంగా కడతారు. ఉదాహరణకు మూడు పత్రాలకు ఐదుగురు పోటీపడి వరుసగా 90, 85, 80, 70, 60 వేల డాలర్లు పాడారనుకుందాం. మొదటి ముగ్గురూ గెలిచి, తలా 70,001 డాలర్లు చెల్లిస్తారు.

ఈ పత్రం ధర ఎంతవరకు పోగలదో 2023 అక్టోబరు 4 నాటి వేలం చూపింది. ఆ రోజు చిన్నకార్ల విభాగంలో ధర 1,04,000, పెద్దకార్ల విభాగంలో 1,46,002 సింగపూర్ డాలర్లకు చేరింది. అది కారు ఖరీదు కాదు, కారును పదేళ్ళు ఉంచుకునే హక్కు ఖరీదు.

మొత్తం లెక్క ఇలా ఉంటుంది. దిగుమతి విలువ 20,000 డాలర్లున్న సాధారణమైన కారును తీసుకుందాం. దానిపై 20 శాతం ఎక్సైజ్ సుంకం 4,000. ఆ రెంటి మొత్తంపై 9 శాతం వస్తుసేవల పన్ను 2,160. అదనపు రిజిస్ట్రేషన్ రుసుము దిగుమతి విలువకు సమానంగా మరో 20,000. ఇంతవరకు 46,160. సి.ఓ.ఇ. లక్ష డాలర్లు పలికితే మొత్తం 1,46,160 అవుతుంది. డీలరు లాభం, బీమా వంటివి దీనికి అదనం. ఈ మొత్తంలో యంత్రం వాటా ఏడింట ఒక వంతు కంటే తక్కువ. కార్యక్రమంలో అరగంటసేపు పరీక్షించేది ఆ ఒక్క వంతునే.

కొలమానాలు తారుమారయ్యే తీరు

సింగపూర్ ఎక్స్‌ప్రెస్‌వేలపై గరిష్ఠ వేగపరిమితి గంటకు 90 కిలోమీటర్లు. చోవా చూ కాంగ్ పక్కనే సాగే క్రాంజీ ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా ఆ పరిమితిని దాటరాదు. సున్నా నుండి వంద అనే పరుగు అక్కడ పూర్తయ్యేసరికే చట్టాన్ని దాటిపోతుంది.

ఇంజను శక్తి సంగతి ఇంకా విచిత్రం. ఒకప్పుడు చిన్నకారు, పెద్దకారు అనే విభజనకు 1600 సి.సి. ఒక్కటే హద్దు. టర్బో పరిజ్ఞానం పెరిగి చిన్న ఇంజనులతోనే ఖరీదైన కార్లు రావడంతో, అవి సామాన్యుల విభాగంలోకి చేరి వారితో పోటీపడ్డాయి. అందుకే 2014 నుండి 97 కిలోవాట్ల, అంటే 130 హార్స్‌పవర్ పరిమితిని కూడా చేర్చారు. విద్యుత్ కార్లకు 2022లో ఈ హద్దును 110 కిలోవాట్లుగా నిర్ణయించారు. దానికి స్పందనగా తయారీదారులు తమ కార్ల శక్తిని తగ్గించి సింగపూర్‌కు పంపసాగారు. టెస్లా మోడల్ 3లో 110 కిలోవాట్ల రకం అలా వచ్చినదే. ఇతర దేశాల వ్యాఖ్యాత ఎక్కువగా ఉంటే మెచ్చుకునే అంకె, అక్కడ తక్కువగా ఉండడమే మేలైన అంకె అయింది.

కారు వయసును లెక్కించే పద్ధతి కూడా వేరు. తెలుగు రాష్ట్రాలలో సొంతకారుకు ఒకసారి జీవితకాల పన్ను కట్టి, 15 ఏళ్ళకు రిజిస్ట్రేషన్ పొందినవారికి ఇది కొత్తగా తోస్తుంది. సింగపూర్‌లో పాత కారు కొనేవారు ముందుగా అడిగేది అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, సి.ఓ.ఇ. ఇంకా ఎన్నేళ్ళు మిగిలిందని. గడువు తీరితే, గత మూడు నెలల సగటు ధర చెల్లించి 5 లేదా 10 ఏళ్ళు పొడిగించుకోవాలి. లేదంటే కండిషన్‌లో ఉన్న కారైనా రిజిస్ట్రేషన్ రద్దు చేయించక తప్పదు.

వేలం అడగని ప్రశ్న

ఈ విధానం వల్ల రోడ్లు స్తంభించిపోకుండా ఉన్నాయనడం నిజమే. అయితే వేలానికి డబ్బు తప్ప మరో భాష తెలియదు. వృద్ధులైన తల్లిదండ్రులను తరచు ఆసుపత్రికి తీసుకువెళ్ళే కుటుంబం, రెండో కారు సరదా ఉన్న సంపన్నుడు ఒకే పాటలో నిలబడతారు. అవసరాన్నిబట్టి కేటాయింపు జరగాలన్న వాదన ఆ దేశపు పార్లమెంటులోనూ వినిపించింది. ఎవరి అవసరం పెద్దదో తేల్చడం కష్టమని ప్రభుత్వం సమాధానమిచ్చింది. వాదనలో న్యాయముంది, జవాబులోనూ కొంత సత్యముంది.

కనుక చోవా చూ కాంగ్ ప్రేక్షకునికి నిజంగా ఉపకరించే మోటారు కార్యక్రమం వేరే అంకెతో మొదలు కావాలి. లక్ష డాలర్ల సి.ఓ.ఇ.ని 3,650 రోజులకు పంచితే రోజుకు సుమారు 27 డాలర్లు. కారు కదిలినా, భవనం కింద పార్కింగ్‌లో ఊరకే నిలిచినా ఆ 27 డాలర్లు కరిగిపోతూనే ఉంటాయి. అదే భవనం నుండి బయలుదేరే మనిషికి 1990 నుండి రైలు అందుబాటులో ఉంది. ఏ కారు మంచిదన్న ప్రశ్న ఆ తరువాతిది. ఆ ఇంటికి కారు లేకపోతే ఏ పని ఆగుతుందన్నది మొదటిది.