పుట్టింది ఇక్కడే.. ఓటూ ఇక్కడే.. కానీ ‘ఎస్టీ’ కాదు! పదో తరగతి దాటాక గుత్తికోయ పిల్లలకు ఎదురయ్యే చిక్కేంటి?

భద్రాద్రి కొత్తగూడెం: చర్ల, దుమ్ముగూడెం, చంద్రుగొండ.. ఈ మండలాల్లో తారురోడ్డు దిగి అడవిలోకి వెళ్తే అక్కడక్కడా చిన్న చిన్న ఇళ్ల గుంపులు కనిపిస్తాయి. తడిక గోడలకు మట్టి పూత, చుట్టూ పోడు చేను. చాలా గూడేలకు సరైన రోడ్డు ఉండదు, కరెంటు ఉండదు. ఇవి గుత్తికోయల గూడేలు. పక్కనే ఊళ్లున్నా వీళ్ల లోకం వేరు. గూడెంలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే, దాదాపు బంధువులే. గూడెం దాటితే మాత్రం “ఛత్తీస్‌గఢ్ వాళ్లు”.

ఆ మాటే ఇప్పుడు పిల్లలకు అడ్డం పడుతోంది. ఎందుకంటే వాళ్లలో చాలామంది ఛత్తీస్‌గఢ్‌లో ఒక్క రోజు కూడా బతకలేదు.

అసలు ఎప్పుడొచ్చారు?

కూలికో, పోడుకో సరిహద్దు దాటి రావడం అంతకుముందూ ఉంది. కానీ ఊళ్లకు ఊళ్లు కదిలింది మాత్రం 2005 తర్వాతే. ఆ ఏడాది జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు జుడుం, పోలీసులు.. మరోవైపు మావోయిస్టులు. ఊళ్లు కాలిపోయాయి. కొందరు రోడ్డు పక్కన శిబిరాల్లోకి వెళ్లారు, ఇంకొందరు అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చేశారు. గిరిజన యువకులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా పెట్టి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చి చెప్పింది. కానీ అప్పటికే ఇక్కడ గూడేలు వెలిశాయి, పిల్లలు పుట్టారు.

తల్లి చంకనెక్కి వచ్చినవాళ్లకు ఇప్పుడు ఇరవై దాటాయి. ఇక్కడికొచ్చాక పుట్టినవాళ్లు టెన్త్, ఇంటర్ వయసులో ఉన్నారు. ఇంట్లో కోయ, గోండి మాట. బడిలో తెలుగు. అమ్మానాన్నలకు చదువు లేని ఇళ్లలో ఆధార్ ఫారం నింపాలన్నా, అటవీశాఖ నోటీసులో ఏముందో చెప్పాలన్నా ఈ పిల్లలే దిక్కు. పదిహేనేళ్లకే ఇంటికి గుమాస్తా అన్నమాట.

మురియాలు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఘోటుల్. పెళ్లికాని యువతీయువకులు సాయంత్రాలు కలిసి గడిపే, పనీ పాటా నేర్చుకునే ఇల్లు అది. వెరియర్ ఎల్విన్ 1947లో దానిపై పెద్ద పుస్తకమే రాశారు. అయితే ఘోటుల్ ప్రధానంగా ఉత్తర బస్తర్ సంప్రదాయం. ఖమ్మం వైపు వచ్చినవాళ్లలో ఎక్కువమంది దక్షిణాన ఉన్న సుక్మా, బీజాపూర్ వైపు వాళ్లు. సినిమాల్లో, యూట్యూబ్‌లో చూసింది ఇక్కడి గూడేలకు అంటగట్టలేం. ఇక్కడి పిల్లలు పెద్దవాళ్లయ్యే చోటు మరోటి ఉంది.. మిర్చి తోట.

జనవరి వస్తే మిర్చి ఏరడానికి గూడేలు గూడేలే కదులుతాయి. చేతులు మండే పని. కూలి డబ్బు ఇంటికి కావాలి. పరీక్షలు దగ్గర పడేదీ ఆ నెలల్లోనే. సరిహద్దు అవతలి నుంచి కూడా పిల్లలు ఈ పనికి వస్తారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి బీజాపూర్‌కు కాలినడకన బయల్దేరిన 12 ఏళ్ల బాలిక ఇంటికి దగ్గర్లోనే ప్రాణాలు వదిలింది. అప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. మరుసటి ఏడాది మిర్చి సీజన్ మళ్లీ మామూలుగానే మొదలైంది.

‘గుట్ట’కు ఉంది.. ‘గుత్తి’కి లేదు

ఇక అసలు చిక్కు. తెలంగాణ ఎస్టీ జాబితాలో కోయలు ఉన్నారు. ఆ పేరు కిందే డోలి కోయ, గుట్ట కోయ, రాచ కోయ అంటూ ఉపతెగలూ ఉన్నాయి. గుత్తికోయ మాత్రం లేదు. ఛత్తీస్‌గఢ్ జాబితాలోనేమో గోండు కింద మురియా, దోర్ల, కోయ అన్నీ ఉన్నాయి. అంటే సరిహద్దుకు అటు ఎస్టీ, ఇటు కాదు. పైగా గుత్తికోయ అనేది ఇక్కడివాళ్లు పెట్టిన పేరు. తమను తాము వాళ్లు కోయతూర్ అనే చెప్పుకుంటారు. మడకం, సోడి, కుంజా లాంటి ఇంటిపేర్లు స్థానిక కోయల్లోనూ ఉన్నాయి.

మరి ఇక్కడే పుట్టిన పిల్లల సంగతి? రాజ్యాంగంలోని 342వ అధికరణ ప్రకారం ఎస్టీ జాబితా రాష్ట్రానికో రకం. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయిన వ్యక్తి వేరే రాష్ట్రానికి వెళ్తే ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. విచిత్రమేంటంటే ఆ కేసు వేసింది మనవాడే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన మర్రి చంద్రశేఖరరావు ముంబైలో మెడికల్ సీటు కోసం కోర్టుకెక్కారు. పుట్టిన ఊరితో కూడా పెద్దగా సంబంధం లేదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చేనాటికి కుటుంబం ఎక్కడ స్థిరపడి ఉందన్నదే లెక్క. భద్రాచలం ఆస్పత్రిలో పుట్టిన పిల్లాడైనా కాగితం మీద తాత ఊరివాడే.

పోనీ అక్కడి నుంచే సర్టిఫికెట్ తెచ్చుకుంటే? ఛత్తీస్‌గఢ్‌లోనూ 1950 నాటి ఆధారం అడుగుతారు. ఊరు కాలి, కట్టుబట్టలతో వచ్చిన కుటుంబం అది ఎక్కడి నుంచి తెస్తుంది? తెచ్చినా తెలంగాణలో రిజర్వేషన్ వర్తించదు.

చిన్న తరగతుల్లో ఇది పెద్దగా తెలియదు. అంగన్‌వాడీ, ప్రైమరీ బడి గడిచిపోతాయి. టెన్త్ అయ్యాక ఇంటర్ అడ్మిషన్, ఈ-పాస్ స్కాలర్‌షిప్, గురుకులం సీటు.. ప్రతి చోటా కుల ధ్రువీకరణ పత్రం కావాలి. అది లేకపోతే ఓసీ కింద పోటీ పడాల్సిందే. కరెంటు లేని గూడెంలో చదివిన పిల్లలు, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీ పిల్లలు ఒకే వరుసలో!

ఎర్రబోడు తర్వాత..

భూమి సంగతి ఇంకా కష్టం. అటవీ హక్కుల చట్టం కింద పట్టా రావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. ఎస్టీ కానివాళ్లయితే 75 ఏళ్ల నివాసం చూపాలి. జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. లెక్క మీకే అర్థమవుతుంది.

పోడు భూముల్లో అటవీశాఖ మొక్కలు నాటడం, గూడేలవాళ్లు పీకడం ఏళ్లుగా సాగుతున్న గొడవే. 2022 నవంబర్ 22న చంద్రుగొండ మండలం ఎర్రబోడులో అది హత్యదాకా వెళ్లింది. రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావు విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయారు. కేసులో ఇద్దరికి 2023లో కోర్టు జీవిత ఖైదు వేసింది. నేరం చేసింది ఇద్దరు. కానీ హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు పంచాయతీ గుత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానం చేసింది.

స్థానికుల మాటనూ కొట్టిపారేయలేం. అడవి తగ్గిపోతోందన్న బాధ నిజం. ఉన్న కొద్ది రిజర్వేషన్‌లో ఇంకొకరు వాటాకొస్తారన్న భయమూ నిజమే. కానీ తిరిగి పంపడం అనే మాట అమ్మానాన్నలకు సరిపోతుందేమో, పిల్లలకు ఎలా సరిపోతుంది? ఎప్పుడూ లేని ఊరికి తిరిగి వెళ్లడం ఏంటి?

దారి అసలు లేదా అంటే.. ఈశాన్యంలో ఒకటి కనిపిస్తుంది. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయి వచ్చిన బ్రూ తెగవాళ్లు 20 ఏళ్లకు పైగా శిబిరాల్లోనే ఉన్నారు. 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు కలిసి సంతకాలు చేశారు. దాదాపు 34 వేల మందిని త్రిపురలోనే స్థిరపరిచేందుకు రూ.600 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. ఇళ్ల స్థలాలు, ఓటు హక్కు అందులో భాగం. గుత్తికోయల విషయంలోనూ అలాంటి ఒప్పందమే కావాలని హక్కుల కార్యకర్తలు అడుగుతున్నారు. ఇక ఎస్టీ జాబితాలో పేరు చేర్చాలంటే రాష్ట్ర ప్రభుత్వ జీవోతో పని కాదు, పార్లమెంటు చట్టం చేయాలి. చిక్కల్లా ఆ సిఫార్సును ముందు రాష్ట్రమే పంపాలి.. స్థానిక గిరిజనుల అభ్యంతరాల మధ్య ఏ పార్టీ ప్రభుత్వమూ అంత తేలిగ్గా పంపదు.

ఈలోగా గూడేల్లో మరో బ్యాచ్ టెన్త్ పరీక్షలకు కూర్చుంటుంది. రిజల్ట్స్ వచ్చేసరికి మిర్చి ఏరడం అయిపోయి, తునికాకు సీజన్ నడుస్తుంటుంది.