పాఠం ఉచితమే... క్రెడిట్‌ దక్కేనా?

తడ: రాష్ట్ర సరిహద్దున ఉన్న తడ మండల విద్యార్థులు ఉన్నత చదువులకు ఇటు సూళ్లూరుపేట, తిరుపతి వైపో, అటు తమిళనాడు వైపో వెళ్లక తప్పదు. ఇంటిపట్టునే ఉండి ఐఐటీ ఆచార్యుల పాఠం వినే వీలు ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే ఉంది. ఏ వేదికలో చేరాలన్నదే చిక్కుముడి. కోర్సుల సంఖ్య చూసి మురిసి చేరితే సెమిస్టరు చివర మార్కుల జాబితాలో వాటి ఊసే లేకపోవచ్చు.

ముందుగా అడగాల్సిందిదే

కేంద్ర ప్రభుత్వం 2017 జులై 9న ‘స్వయం’ వేదికను ప్రారంభించింది. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు దీని ద్వారా చదివి క్రెడిట్లు పొందేందుకు యూజీసీ 2021 నిబంధనలు వీలు కల్పించాయి. 2016లో ఈ పరిమితి 20 శాతమే. అయితే ఎంచుకున్న కోర్సును తమ విశ్వవిద్యాలయం ఆమోదించిందా అన్నది పేరు నమోదుకు ముందే కళాశాలలో తెలుసుకోవాలి. పాఠాలన్నీ విన్నాక అడిగితే కాలయాపనే మిగులుతుంది.

స్వయంలో ప్రధాన భాగస్వామి అయిన ఎన్‌పీటెల్‌కు 2003లోనే ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి శ్రీకారం చుట్టాయి. దీని నిర్వహణలో పొరుగునే ఉన్న ఐఐటీ మద్రాసుది కీలక పాత్ర. పాఠాలు వినడం ఉచితం. ధ్రువపత్రం కావాలంటే మాత్రం రుసుము చెల్లించి, కేటాయించిన కేంద్రంలో పరీక్ష రాయాలి. తుది మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. కేంద్రం ఎంత దూరమో, దారి ఖర్చెంతో పల్లె విద్యార్థి ముందే లెక్క వేసుకోవాలి. నెట్‌ సరిగా అందని ఊళ్లలో స్వయంప్రభ టీవీ ఛానళ్లు కొంత ఆసరా.

ఒప్పందం ముగిస్తే...

రాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుంది. రెండు వేలకు పైగా కోర్సులను విద్యార్థులకు ఉచితంగా అందిస్తామని ప్రకటించింది. హార్వర్డ్‌, ఎంఐటీ 2012లో నెలకొల్పిన ఈ వేదిక 2021లో టూయూ అనే వ్యాపార సంస్థ చేతికి వెళ్లింది. ఆ సంస్థ 2024 జులైలో దివాలా రక్షణ కోరుతూ అమెరికా న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. వేదిక మూతపడలేదు. కానీ ఎంత పెద్ద పేరున్నా యాజమాన్యం, గడువు, షరతులు మారవచ్చని ఈ ఉదంతం చెబుతోంది. అద్దె ఇంట్లో అటక కట్టించుకున్న చందమే.

కళాశాలలకు మరో దారి ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్‌ డూగియామాస్‌ రూపొందించిన మూడుల్‌ 2002లో విడుదలైంది. దీనికి లైసెన్సు రుసుము లేదు. అధ్యాపకులు తయారుచేసిన పాఠాలు, ప్రశ్నలు, మార్కుల ప్రతిని కళాశాలే భద్రపరచుకోవచ్చు. మరో సర్వర్‌కు తరలించవచ్చు. ఉచితమన్నంత మాత్రాన ఖర్చే లేదనుకోరాదు. సర్వర్‌ అద్దె కట్టాలి, నిత్యం చూసుకునే మనిషి ఉండాలి. అది కుదరక కంపెనీ సాఫ్ట్‌వేర్‌ కొనే యాజమాన్యాలు, ఒప్పందం ముగిశాక పాఠాలు, మార్కులు తమకు ఏ రూపంలో తిరిగి వస్తాయో సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

స్వయం సెమిస్టర్లు సాధారణంగా జనవరి, జులై నెలల్లో మొదలవుతాయి. చేరడానికి, పరీక్ష నమోదుకు గడువులు వేర్వేరుగా ఉంటాయి.