కొండని పట్టుకున్న రాళ్ళు

పిక్సార్ వాళ్ళ 'లూకా' (2021) మీలో చాలామంది చూసే ఉంటారు. సముద్రం ఒడ్డున రంగురంగుల ఇళ్ళు, ఇరుకు సందులు, వెనక కొండలు. అందులోని పోర్టోరోస్సో కల్పిత ఊరే. కానీ దానికి ప్రేరణ ఇటలీ వాయవ్య తీరంలో ఉన్న చింక్వే తెర్రె ప్రాంతం. నేను అక్కడికి వెళ్ళలేదు, నాకింకా పాస్‌పోర్టే లేదు. కానీ సినిమా తర్వాత ఆ ఊళ్ళ గురించి చదువుతుంటే ఇళ్ళ కన్నా వాటి వెనకున్న కొండ కథే నాకు ఎక్కువ నచ్చింది.

చింక్వే తెర్రె అంటే 'ఐదు నేలలు'. మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరె అని ఐదు ఊళ్ళు. పెద్ద బీచ్ కావాలంటే మోంతెరోస్సో. కోర్నీలియా మాత్రం సముద్రాన్ని తాకదు, కొండ మీద ఉంటుంది. స్టేషన్ నుంచి దాదాపు 380 మెట్లు ఎక్కాలి! వెర్నాత్సాలో సముద్రపు దొంగల మీద నిఘా పెట్టడానికి కట్టిన పాత కోట బురుజు ఇప్పటికీ ఉంది. ఊరికీ ఊరికీ మధ్య రైల్లో కొన్ని నిమిషాలే.

ఇప్పుడు కొండ సంగతి. ఇక్కడ చదునైన నేల దాదాపు లేదు. అందుకే వందల ఏళ్ళుగా జనం కొండవాలుని మెట్లుమెట్లుగా చెక్కి, ప్రతి మెట్టుకీ రాతిగోడ కట్టి ద్రాక్ష, ఆలివ్ పండించారు. ఆ గోడల్లో సిమెంటు లేదు, సున్నం కూడా లేదు. రాయి మీద రాయి పేర్చడమే. అది లోపం కాదు, అసలు డిజైనే అది. వాన నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి మెల్లగా బయటికి పోతాయి, మట్టి మాత్రం ఆగుతుంది. సందులు లేకపోతే గోడ వెనక నీటి ఒత్తిడి పెరిగి గోడే కూలుతుంది.

ఈ కొండల్ని, ఊళ్ళని యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇలా రాళ్ళు పేర్చే విద్యకి కూడా 2018లో గుర్తింపు వచ్చింది.

చిక్కేంటంటే, ఈ గోడలకి ఏటా రిపేర్ చెయ్యాలి. మెయింటెనెన్స్ ఆపేసిన కోడ్ లాగే, మొదట్లో అంతా బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది. యువత పట్నాలకి, టూరిజం పనులకి వెళ్ళిపోయాక చాలా పొలాలు పాడుబడ్డాయి. ఒక రాయి జారితే దాని వెనక మట్టి జారుతుంది, ఆ బరువుకి కింది గోడ పోతుంది.

2011 అక్టోబర్ 25న కుండపోత వాన కురిసింది. కొండల మీది మట్టి, రాళ్ళు వెర్నాత్సా, మోంతెరోస్సో వీధుల్లోకి కొట్టుకొచ్చాయి. వెర్నాత్సాలో వాగు మెయిన్ రోడ్డు కిందనుంచే పోతుంది. అది పొంగేసరికి వీధి బురదతో నిండి, కింది అంతస్తులు పూడిపోయాయి. ప్రాణాలూ పోయాయి. అంత వాన పడటమే అసలు కారణం, నిజమే. కానీ పట్టించుకునేవాళ్ళు లేని మెట్ల పొలాలు కొండని బలహీనం చేస్తాయన్నది అందరికీ అర్థమైంది.

అంటే మనం ఫోటో తీసుకునే ఆ అందం ప్రకృతి ఒక్కటే ఇచ్చింది కాదు, ఎవరో ఒక రైతు నడుం వంచి నిలబెడుతున్నది. కాబట్టి మీలో ఎవరైనా పై చదువులకి యూరప్ వెళ్ళి, సెలవుల్లో అటు వెళ్తే ఇవి గుర్తుంచుకోండి. ఆగస్టు రద్దీ వదిలి మే నెలలోనో, సెప్టెంబర్ చివర్లోనో వెళ్ళండి. పొద్దున వచ్చి సాయంత్రం పోకుండా ఒక రాత్రైనా ఉండండి. కొండబాటల్లో నడవడానికి మంచి షూస్ వేసుకోండి, బాట టికెట్ కొనండి. అక్కడి ద్రాక్ష, ఆలివ్ నూనె, మోంతెరోస్సో ఆంచోవీ చేపలు రుచి చూడండి. ఆ కొండ మీద పంటకి గిరాకీ ఉన్నంతకాలమే దాని గోడలకి కాపలా ఉంటుంది.

సెల్ఫీ కోసం మాత్రం గోడ ఎక్కకండి. ఆ రాళ్ళని పట్టుకుని ఉన్నది పక్క రాళ్ళే.